అత్త దించిన బుట్ట

మా మేనత్త కరువు కాలంలో ఒక తాబేలు పిల్లని కన్నబిడ్డలా సాకి, చివరికి ఊరి కోసం దాన్ని బావికి ఇచ్చేసిందనీ, ఆ మంచితనానికి గంగమ్మ కరిగి ఊట వదిలిందనీ మా ఊళ్లో చెప్పుకుంటారు. మొన్న ఆమె దినాలప్పుడు కూడా విస్తళ్ల ముందు కూర్చుని అదే చెప్పుకున్నారు. చెప్పినవాళ్లలో సగం మంది అప్పటికి పుట్టనే లేదు. మిగిలిన సగం ఆ రోజు తప్పెట చుట్టూ మూగినవాళ్లే తప్ప బావిలోకి తొంగి చూసినవాళ్లు కాదు. నేను బావి గట్టు మీద, అత్త మోచెయ్యి తగిలేంత దగ్గరగా నిలబడి ఉన్నాను. కాబట్టి ఈ విషయంలో నా మాటకి కొంచెం విలువ ఇవ్వాలి. ఇవ్వరు. అందుకే రాస్తున్నాను.

ఒక్కొక్కటే చూద్దాం. కన్నబిడ్డలా సాకిందన్నది అతి. ఆమె దానికి పేరైనా పెట్టలేదు. "అది" అనేది. కోపమొస్తే "దరిద్రపుది" అనేది. ఇక ఊట సంగతి. బావిలో నీళ్లు పెరిగింది వాన పడ్డాక. ఆ వాన పక్కనున్న వల్లూరులోనూ పడింది, తిరుమణిలోనూ పడింది. అక్కడి బావుల్లోనూ నీళ్లు పెరిగాయి. అక్కడ ఎవరూ తాబేళ్లని వదల్లేదు. ఇక మూడోది, అసలైనది. ఆ రోజు అత్త తాడు కట్టి దించిన బుట్టలో తాబేలు ఉందని నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను.

ఈ మాట అన్నానని దినాల పంక్తిలో ఒక పెద్దాయన అన్నం కలపడం ఆపి నన్ను చూశాడు. "పోయిన మనిషి మింద నిందలేంది పాపా?" అన్నాడు. తాబేలుని చంపలేదని అంటే అది నింద ఎట్లా అవుతుందో ఆయన చెప్పలేదు. రసం అడిగాడు.

మా ఇంటికీ అత్త ఇంటికీ మధ్య ఒకే గోడ, వెనక ఒకే పెరడు. ఆమె మా నాయనకి అక్క. పొట్టి మనిషి, గట్టి మనిషి. మొగుడు శెనక్కాయల లారీ ఎక్కి దావణగెరె వైపు పోయి తిరిగి రాలేదు. పోయాడో, ఉన్నాడో ఎవరికీ తెలియదు కాబట్టి మా ఊరు ఆమెని ముత్తయిదువల్లోనూ కలపలేదు, మరో వైపుకీ తొయ్యలేదు. పేరంటంలో పసుపు పంచుతూ వచ్చేవాళ్ల చెయ్యి ఆమె ముందుకి వచ్చేసరికి ఒక్క క్షణం గాలిలో ఆగేది. ఆమె ఆ క్షణంలో చీర కొంగు దులుపుకుంటూ లేచి, "పొయ్యి మింద పాలుండాయి" అనేది. ఆమె ఇంట్లో పాలిచ్చే జీవమే లేదు.

నేరుగా జవాబు చెప్పడం ఆమెకి చేతకాదు. చేతకాదనడం కూడా తప్పే, ఇష్టం లేదు.

"అత్తా, అన్నం తిన్నావా?"

"ఏం, మీ అమ్మ కూరేమన్నా మిగిలిచ్చిందా?"

"పొద్దున్నుంచి యాడికి పోయింటివి?"

"ఏం, నన్నెవరన్నా అడుగుతా వచ్చినారా?"

ఇట్లా. ప్రశ్నకి ప్రశ్న. కోర్టులో నిలబెట్టి ఉంటే జడ్జీయే తప్పు ఒప్పుకుని వెళ్లిపోయేవాడు. ఇంట్లో ప్రతి గిన్నె మీదా మూత, మూత మీద రాయి. ఖాళీ గిన్నెకి కూడా. విత్తే ముందు ఇద్దరూ కూర్చుని విత్తనం కాయలు ఒలిచేటప్పుడు మా అమ్మ ఎక్కడ గింజ నోట్లో వేసుకుంటుందోనని అత్త ఒక కన్ను, అత్త ఎక్కడ కొంగులో కట్టుకుంటుందోనని మా అమ్మ ఒక కన్ను. మధ్యలో కూర్చున్న నేను నిజంగానే తినేదాన్ని, నన్నెవరూ చూసేవాళ్లు కాదు.

నేను పావగడ కాలేజీలో బి.ఎ. చదివే రోజులవి. ఆ ఏడు ఒక్క పదును వాన పడింది, అందరూ ఆశగా శెనక్కాయ విత్తారు, ఆ తరవాత చుక్క పడలేదు. అయినా మా నాయన గుంటక తోలాడు. మొలిచిన సాళ్ల మధ్య కలుపు పోవాలి గదా, వాన రాకపోయినా కలుపు వస్తుంది. గుంటక పలుగుకి ఏదో తగిలి గీరుకుంది. రాయి అనుకుని ఎద్దుల్ని ఆపకుండా పోయాడు. వెనక గడ్డి ఏరుతూ వస్తున్న అత్త వంగి తీసింది. అరచేతిలో సరిపోయేంత పిల్ల తాబేలు. నల్లటి చిప్ప మీద పసుపు గీతలు, ఒక్కో బొడిపె నుంచీ నక్షత్రంలా చీలినవి. చిప్ప అంచు ఒక చోట పగిలి, లోపలి తడి కనబడుతోంది.

"గట్టు మీద యెయ్యక్కా, దాని పాటికి అది పోతాది" అన్నాడు నాయన.

"పోతాదని దానికి నువ్వు చెప్పినావా?" అంది అత్త. కొంగులో కట్టుకుని ఇంటికి తెచ్చింది. ఆ చేను ఇప్పుడు లేదు, కరెంటు కోసం వేసిన సోలారు పలకల కింద ఉంది. ఆ రోజు మాత్రం అది మా చేను.

గడపలోనే మా అమ్మ అడ్డం వచ్చింది. "తాబేలు ఇంట్లోకి వస్తే ఇల్లు నిదానమైపోతాదంట వదినా. ఎందుకు తెచ్చినావు?"

"మీ ఇంటికి తెచ్చినానా?"

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి, ముందు ముందు పనికొస్తుంది. మా వైపు తాబేలంటే నీళ్ల జీవం. బావుల్లో తాబేళ్లని వదులుతారు, పురుగుల్ని తిని నీళ్లు శుభ్రంగా ఉంచుతాయని. అత్తకీ అంతే తెలుసు. అందుకని ఆ సాయంత్రం, మనుషులకే నీళ్లు లేని రోజుల్లో, ట్యాంకరు దగ్గర కొట్లాడి తెచ్చుకున్న నీళ్లలోంచి సగం గంగాళంలో పోసి దాన్ని అందులో వదిలింది. అది ఈదలేదు. నాలుగు కాళ్లూ పిచ్చిగా కొట్టుకుంది, మునిగింది, ముక్కు పైకెత్తింది, మళ్లీ మునిగింది. అత్త చెయ్యి పెట్టి లాగేసరికి నోట్లోంచి బుడగలు వచ్చాయి.

"ఏంది, దీనికి నీళ్లు రావా?" అంది. ఆమె అంత ఆశ్చర్యపోవడం నేను మళ్లీ చూడలేదు. తాబేలుని తలకిందులుగా పట్టుకుని వీపు తడుతూ, నన్ను చూసి, "ఎవురికీ చెప్పొద్దు, నవ్వుతారు" అంది. కాబట్టి ఆ తాబేలు నీళ్లలో బతకదని ఆ ఊళ్లో అందరికన్నా ముందు తెలిసిన మనిషి మా అత్త. ఇది నా వాదనకి పునాది.

వైద్యం కూడా అట్లాంటిదే, తప్పు చేస్తూ, దిద్దుకుంటూ. పగిలిన అంచుకి ఆముదంలో పసుపు కలిపి పూసింది. చీమలు పట్టాయి. తుడిచేసి వేపనూనె పూసింది. చీమలు పోయాయి, తాబేలు రెండు పూటలు తల బయట పెట్టలేదు. "వాసనకి అలిగినాది" అంది, తప్పు తనది కానట్టు. పాలు పెట్టింది, ముట్టలేదు. రాగిసంగటి పెట్టింది, దాని మీదుగా నడిచిపోయింది. ఆఖరికి ఒక రోజు పెరట్లో గలిజేరాకు దగ్గర వదిలితే మెడ చాచి, ఒక్క ఆకు చూసి, ముసలామె తమలపాకు నమిలినట్టు మెల్లగా నమిలింది. అత్త గొంతుక్కూర్చుని దాని నోటినే చూస్తూ ఉండిపోయింది. పొయ్యి మీద అన్నం మాడింది.

"అత్తా, మాడు వాసన."

"నీకు ముక్కు పని చేస్తాండాదే!"

పొద్దున పూట ఎండలో వదిలేది, ఎండ ముదిరేసరికి పాత గంప బోర్లించి నీడ చేసేది. పిల్లులు లాగకుండా గంప మీద ఒక గుండ్రటి నల్లరాయి. గుడ్డు పెంకులు నూరి ఆకు మీద చల్లేది, చిప్ప గట్టిపడుతుందని ఎవరు చెప్పారో. పక్కింటి కోడిగుడ్డు పెంకులు తెమ్మని నన్నే పంపేది. ఎందుకని వాళ్లు అడిగితే మొహానికి రాసుకుంటానని చెప్పమంది. నేను కాలేజి పిల్లని కాబట్టి నమ్ముతారట. నమ్మారు. కొన్నాళ్లు ఆ వీధి ఆడపిల్లలందరూ పెంకుల పొడి పూసుకుని తిరిగారు.

ఒక మధ్యాహ్నం మా అమ్మ పెరట్లో పెట్టిన కేకకి నాయన మంచం మీంచి దూకాడు. తాబేలు నోరంతా ఎర్రగా, ముందరి కాళ్లంతా ఎర్రగా. "రక్తం కక్కుతాండాది! శకునం! ఎవురికో మూడింది!" అని అమ్మ. అత్త తీరిగ్గా వచ్చి చూసి, కొంగులోంచి సగం కొరికిన నాగజెముడు పండు తీసింది. మిగతా సగం తాను తినింది. ఆమె నోరూ ఎర్రగానే ఉంది. ఇద్దరూ పక్కపక్కన ఒకేలా ఉన్నారు. నాయన నవ్వు ఆపుకోలేకపోయాడు. అమ్మ మాత్రం ఆ రోజు నుంచీ అత్త ఇంటి వైపు గోడకి పసుపు బొట్లు పెట్టింది, కాపలాకి.

ఇంత వరకూ ఎవరికీ పేచీ లేదు. ఇక్కడి నుంచే నాకు అనుమానాలు.

మా ఊళ్లకి సైకిలు మీద ప్లాస్టిక్ బిందెలు కట్టుకుని ఒకాయన వచ్చేవాడు. తల వెంట్రుకలకి, పాత ఇనుముకి బిందెలు మార్చేవాడు. పల్చటి మీసం, అతి మర్యాద. మర్యాద ఎక్కువైతే నాకు నమ్మకం తగ్గుతుంది. గంప కింద కదలిక చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"నక్షత్రాలదేనా అమ్మా? ఇట్లాంటిది ఉంటే ఇయ్యండి. మంచి బిందె ఇస్తా."

"దీన్నేం చేసుకుంటావు, కూరా?"

"అయ్యయ్యో! బెంగళూరులో పెద్దోళ్లు ఇంట్లో పెట్టుకుంటారమ్మా. కలిసొస్తాదంట."

అత్త గంప మీది రాయి సర్దింది. "ఆడ ఆకు దొరుకుతాదా?" అంది.

"ఆకేంది, తోటలే ఉంటాయి. కొళాయి తిప్పితే నీళ్లు. రోజూ తోటకి పైపుతో పడతారు."

"రోజూనా?"

"రోజూ."

పొమ్మని కసిరింది. కానీ అతను మలుపు తిరిగే వరకూ గడపలో నిలబడింది. కసిరిన మనిషి అట్లా నిలబడదు. నేను అప్పుడే అన్నాను, "ఇచ్చేద్దామని ఉందా అత్తా?" అని. "నీకు బిందె కావల్నా?" అంది.

తరవాత నీళ్లు చూసేటాయన వచ్చాడు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేలల్లో నడిస్తే, నీళ్లున్న చోట అది నిట్టనిలువుగా లేస్తుందన్నది ఆయన విద్య. అప్పటికే ఆయన చూపించిన చోట వేసిన బోర్లలో దుమ్ము లేచింది. పంచాయితి ఛేర్మన్ మామ మళ్లీ ఆయన్నే పిలిపించాడు, మిగిలింది ఆయనే కాబట్టి. పొద్దున్నుంచీ ఊరంతా ఆయన వెనక నడిచింది. టెంకాయ పడుకునే ఉంది. మధ్యాహ్నానికి మనిషి వాడిపోయి, దాహమని మా పెరట్లోకి వచ్చాడు. వెనకే ఛేర్మన్ మామ, వెనకే జనం. అత్త కుండ మూత మీది రాయి పక్కన పెట్టి, మూత తీసి, చెంబు ముంచి ఇచ్చింది. తాగుతూ ఆయన గలిజేరాకు దగ్గర తాబేలుని చూశాడు. వంగి, రెండు చేతులతో పైకి ఎత్తాడు.

అట్లాంటి తాబేలుని ఎత్తితే భయానికి ఒంట్లో దాచుకున్న నీళ్లన్నీ వదిలేస్తుంది. అత్త ఎత్తినా వదిలేది, మొదట్లో. ఆయన దోసిలి నిండింది. పల్చటి, తెల్లటి నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారాయి. పెరట్లో జనం మెడలు చాచి ముందుకి జరిగారు. అన్నాళ్లుగా ఆ ఊళ్లో ఎక్కడా దోసెడు నీళ్లు అట్లా ఊరికే కారడం ఎవరూ చూడలేదు మరి.

"చూసినారా!" అన్నాడు ఆయన. "ఊరంతా యాడా చుక్క ల్యాదు. అంతా దీంట్లో ఉండాది. గంగ వచ్చి దీని కడుపులో దాక్కోనుండాది!"

"అది ఉచ్చ, స్వామీ" అన్నాను నేను.

అప్పటికే ఆయన కళ్లకి అద్దుకున్నాడు. అద్దుకున్నాక ఉచ్చ అని ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే. "కాలేజి పాప గదా" అని జాలిగా నవ్వి, ఛేర్మన్ మామ వైపు తిరిగి, దీన్ని ఊరబావిలో వదలాలనీ, అది అడుక్కి పోయి ఊట తవ్వుతుందనీ, గంగ తన చోటికి తాను పోతుందనీ చెప్పాడు. ఊరబావి అడుగున అప్పటికి మోకాలి లోతు బురద నీళ్లు.

"ఇది నీళ్లలో బతికేది కాదు మామా, మెట్ట తాబేలు. మునిగి చస్తాది" అన్నాను. "అడుగు, అత్తనే అడుగు!"

అందరూ అత్త వైపు చూశారు. గంగాళం సంగతి ఆమె ఒక్క మాట చెబితే చాలు. ఆమె ఎగాదిగా అందర్నీ చూసింది. పసుపు పళ్లెం తన ముందు ఆపే ఆడవాళ్లందరూ అక్కడే ఉన్నారు.

"ఇది నీళ్లలో ఉండేది కాదా అక్కా?" అన్నాడు ఛేర్మన్ మామ.

"ఎప్పుడు ఇడవల్ల?" అంది అత్త.

పొద్దున లేస్తే పళ్లు తోముకోవడానికి కూడా ఎందుకని అడిగే మనిషి. జీవితంలో దేనికీ మొదటిసారి అడిగితే సరే అననిది. ఊరు ఊరంతా వచ్చి ప్రాణం లాంటిదాన్ని బావిలో వెయ్యమంటే, ఎందుకని కూడా అడగలేదు. "శుక్రవారం" అన్నారు. "నా చేత్తోనే ఇడుస్తా. ఇంకెవురూ తాకగూడదు" అంది. జనం ఆమెకి దండం పెట్టుకుంటూ వెళ్లారు. తెరిచి ఉన్న కుండ మీద ఆమె మూత వేసింది, మూత మీద రాయి పెట్టింది.

గురువారం రెండు సంగతులు జరిగాయి. తెల్లవారుతూండగా అత్త కట్టెలకని కొండ వైపు పోయింది. కట్టెలు లేకుండా వచ్చింది. చీర కుచ్చిళ్ల నిండా పల్లేరుకాయలు. అదీ ఒకటి. మధ్యాహ్నం నేను కాలేజి నుంచి బస్సు దిగి వస్తూంటే ఊరి బయట ఆ బిందెల సైకిలాయన ఎదురుపడ్డాడు. సైకిలు వెనక గోనెసంచి కప్పిన గంప. ఎప్పుడూ తల వంచుకుని పోయేవాడు ఆ రోజు ఆగి, "ఏం పాపా, చదువు బాగుందా?" అన్నాడు. అది రెండోది.

ఇంటికి పోయి చూస్తే పెరట్లో గంప బోర్లించే ఉంది. ఎత్తబోతే అత్త చెయ్యి మీద కొట్టింది. "పసుపు పూసినా. కండ్లు పెట్టగూడదు."

"నువ్వెప్పటి నుంచి ఇవన్నీ పాటిస్తాండావు?"

"నువ్వెప్పటి నుంచి గంపలు ఎత్తుతాండావు?"

శుక్రవారం తప్పెట కొట్టారు. అత్త తలంటు పోసుకుని, మా అమ్మ పెళ్లిచీర అడిగి కట్టుకుని వచ్చింది. అమ్మ ఇచ్చింది, ఏడుస్తూ ఇచ్చింది. బుట్టలో వేపాకు, దాని మీద పసుపు గుడ్డ మూట, నాలుగు మూలలూ కలిపి ముడి. బుట్ట బరువు చూద్దామని అడుగున చెయ్యి పెట్టబోయాను. మోచేత్తో నెట్టింది. తాడు కట్టింది, దించింది. ఆడవాళ్లు గంగమ్మని పిలుస్తున్నారు. నేను బుట్టనే చూస్తున్నాను. బతికున్న జీవం మూటలో ఉంటే మూట కదలాలి. కదల్లేదు. భయపడి ముడుచుకుని ఉండొచ్చు కదా అంటారు. ఉండొచ్చు. నేను కాదనను. అడుగుకి కాస్త పైన ఉండగా అత్త తాడు ఒక్క విదిలింపు విదిలించింది. బుట్ట ఒరిగింది. మూట మూటగానే జారి పడింది. గుబుక్కుమని ఒక చప్పుడు.

గుడ్డ ముడి విప్పకుండా ఎందుకు వదిలింది? ఊట తవ్వాల్సిన జీవాన్ని మూటకట్టి వేస్తే అది దేంతో తవ్వుతుంది? ఈ ప్రశ్న ఆ రోజు బావి దగ్గర ఉన్న ఏ ఒక్కరికీ రాలేదు. తప్పెట గట్టిగా కొట్టారు.

తరవాత నేను పరిశోధన చేశాను. నవ్వకండి. గంప మీద ఉండే గుండ్రటి నల్లరాయి కనబడలేదు.

"అత్తా, గంప మింద రాయేది?"

"పావగడ తాలూకాలో రాయికి కరువా?"

అంత సైజు రాయి వెతికి తెచ్చి గుడ్డలో కట్టి బావిలో వేశాను. అదే గుబుక్కు. తాబేలుని వేసి చూడలేదు కాబట్టి ఆ వాదన అక్కడే ఆగింది. రోజూ పోయి తొంగి చూశాను. చచ్చిన జీవమైతే ఉబ్బి తేలాలి. ఏదీ తేలలేదు. అది ఊటలోకి దూరి పోయిందని ఊరు చెప్పుకుంది. తరవాత వాన పడింది, సంగతి నేను ముందే చెప్పాను.

కాబట్టి బావిలో పడింది రాయి. ఇంతవరకూ నాకు పట్టుదల. దాని తరవాతే తెగదు. తాబేలు కొండకి పోయిందా, బెంగళూరికి పోయిందా? కొండకని అనుకుంటే పల్లేరుకాయలు సాక్ష్యం. అవి ఎవరి చేలో నడిచినా అంటుకుంటాయి. బెంగళూరికని అనుకుంటే ఆ వారంలోనే అత్త ఇంట్లో కొత్తగా కనబడిన నారింజ రంగు ప్లాస్టిక్ బిందె సాక్ష్యం. వెంట్రుకలకి మార్చుకున్నానంది. ఆమె కొప్పు నిమ్మకాయంత. పదేళ్లు దువ్విన వెంట్రుకలు కూడబెట్టినా ఆ బిందె మూత కూడా రాదు. పోనీ, బిందె కోసం ఇచ్చిందని అనుకుందామంటే, "రోజూనా?" అని ఆమె అడిగిన గొంతు గుర్తొస్తుంది. తోటకి రోజూ నీళ్లు పట్టే చోటు ఒకటుందని విని, అక్కడైతే బతుకుతుందని పంపిందేమో. అట్లా పోయినవి డబ్బాల్లో కుక్కి, ఓడలెక్కించి, సగం దారిలోనే చస్తాయని నాకు తరవాత తెలిసింది. ఆమెకి చెప్పలేదు. ఏం లాభం.

ఆ వాన తరవాత ఊరు మారిపోయింది, ఆమె విషయంలో. గంగమ్మ పూజలో మొదటి బిందె ఆమె ముంచాలి. విత్తేటప్పుడు మొదటి పిడికెడు ఆమె చేత్తో వెయ్యాలి. పసుపు పళ్లెం అందరికన్నా ముందు ఆమె దగ్గరికే వచ్చేది. ఆమె ఒక్కసారీ వద్దనలేదు. కొత్త కోడళ్లు కాళ్లకి దండం పెడితే, "లెయ్, లెయ్" అంటూ పక్కకి, నా వైపు ఒక చూపు చూసేది. ఆ చూపుకి అర్థం నాకు తెలుసని ఆమెకి తెలుసు. నాకు తెలియదని కూడా ఆమెకి తెలుసు.

తొంభైల్లో నాకు పెళ్లయి పావగడలో కాపురం పెట్టాక, ఊరికి వెళ్లినప్పుడల్లా అడిగాను. కాయలు ఒలుస్తూ అడిగాను, జ్వరంలో కాళ్లు పడుతూ అడిగాను, కోపంగా అడిగాను.

"అత్తా, అది బతికిందా?"

"నువ్వేమనుకుంటాండావు?"

"బతికిందనే."

"అయితే నాకెందుకు చెప్పమంటావు?"

ఇంకోసారి, "చచ్చిందనుకుంటాండా" అన్నాను, రెచ్చగొడదామని. కాయ ఒలవడం ఆపింది. "అట్లనుకునేదానివైతే ఇన్నేండ్లు అడుగుతావా?" అంది. మళ్లీ ఒలిచింది. అంతకన్నా ఎక్కువ ఎప్పుడూ రాబట్టలేకపోయాను.

ఆఖరిసారి మంచంలో ఉన్నప్పుడు కూడా అడిగాను. మనిషి పోతోంది, ఇప్పుడు అడగడమేంటని నా మొగుడు బయటికి లాగాడు. ఆమె కళ్లు మూసుకునే, "దాన్ని అడగనీ అబ్బోడా" అంది. నేను మళ్లీ లోపలికి పోయి అడిగాను. నవ్వి, నీళ్లు తాగించమంది.

దినాల రోజు పంక్తిలో నేను ఆ రభస చేశాక, అందరూ వెళ్లిపోయాక, మా నాయన వసారాలో కూర్చుని నన్ను పిలిచాడు.

"ఊరకుండరాదా పాపా? అది బావిలోనే పడింది. మీ అత్త నాతో చెప్పింది. నా చేత్తోనే సంపుకుంటినిరా అని ఒకనాడు పెరట్లో కూర్చోని ఏడ్సింది. నువ్వు మళ్లా మళ్లా కెలుకుతాంటే నాకు ఆ ఏడుపే గుర్తొస్తాది."

లోపల గిన్నెలు సర్దుతున్న మా అమ్మ చేతిలో గరిటెతో బయటికి వచ్చింది.

"ఏం మాటలు! బావిలో యాడిది? కొండ మింద రెండు బండల సందులో ఇడిసి వచ్చినా అని నాతో చెప్పింది, నా పెళ్లిచీర ఇచ్చేటప్పుడు. అందుకే గదా చీర ఇచ్చింది? లేకుంటే చంపేదానికి నా పెళ్లిచీర ఇస్తానా?"

"నాతో చెప్పింది అబద్ధమా?"

"నాతో చెప్పింది అబద్ధమా?"

డెబ్భై దాటిన ఇద్దరు ముసలివాళ్లు పోయిన మనిషి కోసం ఒకరి మొహం ఒకరు చూడకుండా కూర్చున్నారు. తమ్ముడికి చావు చెప్పింది, మరదలికి కొండ చెప్పింది. రెండిట్లో ఒకటైనా అబద్ధం. రెండూ అయినా నేను ఆశ్చర్యపోను, ఆ బిందె ఇంకా వాళ్ల పెరట్లోనే ఉంది. కానీ వాళ్లిద్దరూ ఆమెని ఎన్నడూ అడగలేదు. అడగకుండానే చెప్పింది. అన్నేళ్లూ అడిగింది నేను, పట్టు వదలకుండా, ఆమె కళ్లు మూసే దాకా.

అడగనివాళ్లకి తలా ఒకటి పంచిపెట్టినదానివి, నాకు ఒక్క అబద్ధమైనా ఎందుకు చెప్పలేదు అత్తా?